కొత్తగా కనిపించిన హార్మోనియం

పందొమ్మిది వందల అరవైల నాటి మాట. అప్పుడు నేను తాండూరులో నాపరాళ్లకు పాలిష్ పట్టే పని చేసేవాణ్ణి. నాయన పోయాక ఇల్లు గడవక ఆయన హార్మోనియం అమ్మకానికి పెట్టాం. నాయనతో ఏళ్ల తరబడి భజనలు పాడిన పరిగి రాజయ్య కొంటానని కబురు పంపాడు.

పాతదానికి ధర రాదని నాకు భయం. నాయన వేళ్లకు అరిగి హార్మోనియం మెట్ల మీద గుంతలు పడ్డాయి. మా పనిలో నున్నటి రాయికే బేరం. అందుకని రాయిని రుద్దినట్టే ఆ గుంతలు పోయేదాకా మెట్లు రుద్ది, పెట్టెకు వార్నిష్ వేశాను.

రాజయ్య వచ్చి కూర్చుని, మెట్ల మీద వేళ్లు పెట్టి ఆగిపోయాడు.

“గిది మీ నాయనది కాదు కొడుకా. గిసొంటియి పట్నంల మస్తు దొరుకుతయి. నువ్వు అడిగినంత ఇస్త, మీ నాయనది తియ్యి.”

“గిదే పెద్దయ్యా. ధర వస్తదని నేనే రుద్దిన.”

ఆయన నా మాట నమ్మాడు. నమ్మకపోయినా బాగుండేది. కండువా భుజాన వేసుకుని, కొనకుండానే లేచి వెళ్లిపోయాడు.

చాయ్ తెచ్చిన అమ్మ గ్లాసు కింద పెట్టి, మెట్ల మీద ఒకసారి అరచెయ్యి ఆనించి చూసింది.

“గుంతలు ఎటు పోయినయ్‌రా?” అంది.

ఆ తర్వాత ఎన్ని ఇళ్లకు రాళ్లు పరిచానో లెక్కలేదు. అరిగిన పాత గడపను నున్నగా చెయ్యమంటే మాత్రం, ఆ పని ఇంకొకరికి చెప్పుకోమంటాను.