పరగడుపున వేసిన మందు

ఆ పిల్లకి మేక కాళ్ళ పాయ పెట్టడం ఆపమని వాళ్ళమ్మతో చెప్పింది నేనే. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటు ఉన్నదాన్ని, ఆ రోజు మాత్రం వాన పడిందని రాసి ఊరుకున్నాను. వాళ్ళమ్మకి చెప్పడంలో తప్పుందని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

అప్పట్లో సిడ్నీలో ఒక పిల్లల ఆసుపత్రిలో, కిడ్నీ జబ్బున్న పిల్లల ఎముకల మీద జరిగే పరిశోధనలో అసిస్టెంటుగా ఉండేదాన్ని. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న భయంతో, మనవాళ్ళు నలుగురు కలిస్తే వైటూకే తప్ప ఇంకో మాట వినబడని రోజులు. మన కొట్లుండే హారిస్ పార్కు పేటకి కందిపప్పు కొనడానికి వెళ్తే ఎవరో ఒక అంకుల్ పలకరించేవాడు.

"ఏం చేస్తున్నావమ్మా? కోబాలా, జావానా?"

"ఎముకలండీ."

"అదేం మాడ్యూల్? మార్కెట్ ఉందా?"

నాకు జవాబులు ఇంటికెళ్ళాక తోచేవి.

కిడ్నీలు పాడైతే తిండిలో వచ్చే ఫాస్ఫేట్ బయటికి పోదు. రక్తంలో పేరుకుంటుంది. అది పెరిగేకొద్దీ ఎముక గట్టిదనం పోతుంది. ఎదిగే పిల్లలకైతే ఆ మెత్తబడిన ఎముక ఒంటి బరువుకే వంగుతుంది. ఫాస్ఫేట్‌ని కడుపులోనే పట్టి ఉంచి, రక్తంలో కలవనివ్వకుండా చేసే మాత్రలుంటాయి. వాటిని ముద్దకీ ముద్దకీ మధ్య నమలాలి. ఖాళీ కడుపులో వేసుకుంటే వాటికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

పిల్లల ఎత్తు కొలవడం, చేతుల ఎక్స్‌రేలు సర్దడం, రక్తం నుంచి సీరం వేరుచేసి ఫ్రీజరులో దాచడం నా పని. తల్లుల్ని కూర్చోబెట్టి పిల్లలు ఏం తిన్నారో అడిగి రాసుకోవడం కూడా నా పనే. దానికొక నియమం ఉంది. మేం అడగాలి, చెప్పకూడదు. అడిగేవాళ్ళు సలహాలిస్తే తల్లులు నిజం చెప్పడం మానేసి మాకు నచ్చే మాట చెబుతారని మా ప్రొఫెసరు అనేది. అందులో నిజం లేకపోలేదు.

ఆ పిల్లకి తొమ్మిదేళ్ళు. గుంటూరు నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం. తండ్రి వైటూకే ప్రాజెక్టు మీద వచ్చాడు. నడిస్తే ఆ పిల్ల మోకాళ్ళు రెండూ ఒరుసుకునేవి, పాదాలు ఎడంగా పడేవి. కాళ్ళు సరిచేసే ఆపరేషన్ చేస్తామని సర్జన్ ఒప్పుకున్నాడు. కానీ ముందు రక్తంలో ఫాస్ఫేట్ దిగాలి, లేకపోతే కోసి సరిచేసిన ఎముక మళ్ళీ వంగుతుంది. నెలనెలా రక్తం తీసేవాళ్ళం. నెలనెలా అంతే ఉండేది. మీటింగులో ఆ పిల్ల పేరు వస్తే చాలు, ఎవరో ఒకరు "తల్లి మందు వేయడం లేదు" అనేవారు. కొన్నాళ్ళకి అది కేసు పేపర్లోకీ ఎక్కింది.

ప్రతిసారీ తండ్రే వచ్చి ఇంగ్లీషులో జవాబులు చెప్పి వెళ్ళిపోయేవాడు. ఒకసారి అతనికి ఆఫీసులో సెలవు దొరక్క తల్లి ఒక్కతే పిల్లని తీసుకొచ్చింది. నేను తెలుగులో పలకరించేసరికి ఆమె చేతిసంచీ కింద పెట్టి కుర్చీ నా వైపు జరుపుకుంది.

"మాత్రలు ఎప్పుడు వేస్తున్నారక్కా?"

"తెల్లారగట్ల నమాజు అవంగానే. మూడూ ఒకేసారి ఏస్తా, గ్లాసెడు నీళ్ళతో."

"అన్నంతో వేయమని డబ్బా మీద ఉంటుంది కదా."

"మా ఆయన చదివాడ్లే. అన్నంలో కలిసిపోతే మందుకి బలమేముంటది? పరగడుపున ఏస్తేనే ఒంటికి పట్టేది. దీన్ని నిద్ర లేపలేక చస్తన్నా, అయినా ఒక్కనాడు తప్పలా."

"మరి తిండి?"

"ఎముకల్లో బలం లేదన్నారు గదా. అందుకే పాయ పెడతన్నా. హలాల్ షాపాయన మేక కాళ్ళు నాకోసం పక్కన తీసి పెడతాడు. సన్న మంట మీద ఎముకలో సారమంతా దిగిందాకా కాచి, వడగట్టి తాపిస్తా. పొద్దుటేళ రాగిజావ, పాలు పోసి."

"ఇట్స్ సో యమ్, ఆంటీ," అంది పిల్ల.

"చూడు. తెలుగంతా అర్థమవుద్ది. నోట్లోంచి మాత్రం ఒక్క ముక్క ఊడిపడదు."

ఎముకల సారంలోనూ పాలలోనూ నిండా ఉండేది ఫాస్ఫేటే. ఎముకలకి బలమని ఆమె పోస్తున్న ప్రతి గ్లాసూ ఎముకల్ని తినేస్తోంది. దాన్ని ఆపాల్సిన మాత్ర ఖాళీ కడుపులో వృథాగా పోతోంది. ఆమె మా కాగితంలో ఉన్న తల్లి కాదు. ఇంత శ్రద్ధగా మందు వేసే తల్లిని నేనక్కడ చూడలేదు.

అక్కడ ప్రొఫెసర్నయినా పేరుపెట్టి పిలవాలి. నాకు నోరు వచ్చేది కాదు. ఆమె తలెత్తి చూసేదాకా గుమ్మంలో నిలబడ్డాను. సంగతంతా చెప్పాను. ఆమె కళ్ళు మెరిశాయి.

"ఎంత ఆసక్తికరంగా ఉంది! ఇలాంటిది మన ఫారంలో లేనే లేదు. అంతా రాసిపెట్టు."

"ఆమెకి చెప్పమంటారా?"

"వద్దు వద్దు. డైటీషియన్ చూసుకుంటుంది. నువ్వు చెబితే ఆ పిల్ల లెక్క మనకి పనికిరాకుండా పోతుంది."

డైటీషియన్ ఒక రంగుల కాగితం ఇచ్చింది. చీజ్, చాక్లెట్, కోలా, పోర్క్ సాసేజ్ తినకూడదు. తల్లి దాన్ని భక్తిగా మడతపెట్టి, నాతో "ఇయ్యేమీ మా ఇంటికి రావు తల్లీ" అంది. తరవాతి నెల రక్తం మళ్ళీ అలాగే ఉంది. మీటింగులో మళ్ళీ అదే మాట.

ఆ ఆదివారం వానలో వాళ్ళ ఫ్లాటుకి వెళ్ళాను. పొయ్యి మీద గిన్నె ఉడుకుతోంది. నా మాట నా సొంతమైతే వింటుందో లేదోనని భయపడి, "డాక్టరుగారు చెప్పమన్నారక్కా" అని మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆమె పొయ్యి ఆపి, గట్టుకి ఆనుకుని నిలబడిపోయింది.

"అంటే నా చేత్తో నేనే పోశానా?"

"మీకెవరూ చెప్పలేదక్కా."

"ఎట్టా చెబుతారు? పాయ పెడుతున్నావా అని ఏ దొరసాని అడుగుద్ది?" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

పిల్ల గదిలోంచి వచ్చింది. "నో పాయా? దట్ సక్స్," అని నా వైపు కోపంగా చూసి లోపలికి వెళ్ళిపోయింది.

నెలలు గడిచేకొద్దీ ఫాస్ఫేట్ దిగింది. సర్జన్ ఆపరేషన్‌కి తేదీ ఇచ్చాడు, కొత్త ఏడాది మార్చిలో. మీటింగులో ప్రొఫెసరు ఫాస్ఫేట్ దిగిన గ్రాఫు గీతని తెర మీద చూపించి, "గట్టిగా చెప్పేసరికి తల్లి దారికొచ్చింది" అంది.

"ఆవిడ మొదటినుంచీ వేస్తూనే ఉంది," అన్నాను. ఆ గదిలో నేను అడక్కుండా మాట్లాడడం అదే మొదటిసారి. అందరూ తిరిగి చూశారు. "ఖాళీ కడుపున వేసేది. అది నేను రాసిచ్చాను."

"మీవాళ్ళంటే నీకుండే అభిమానం నేను అర్థం చేసుకోగలను," అంది ప్రొఫెసరు, ఎంతో దయగా. తెర మీద ఇంకో పిల్లవాడి గీత వచ్చింది.

జనవరి వచ్చింది. ఏ కంప్యూటరూ ఆగలేదు. తండ్రి ప్రాజెక్టు అయిపోయింది. వీసా ఉద్యోగంతో ముడిపడింది కనక ఫిబ్రవరి ఆఖరుకి వాళ్ళు వెళ్ళిపోవాలి. ఆపరేషన్ ముందుకి జరపమని తండ్రి బతిమాలాడు. కోసిన తరవాత నెలల తరబడి చూసుకోవాలి, వెళ్ళిపోయేవాళ్ళకి చేయలేమన్నారు. మా ప్రొఫెసరు నిజంగానే బాధపడింది. బాధపడి, "వెళ్ళేలోగా చివరి శాంపిల్ ఒకటి తీసుకో, లేకపోతే సెట్ అసంపూర్ణంగా ఉంటుంది" అంది.

గుంటూరులో చూపించుకోవడానికి కేసు వివరాలు ఇచ్చారు. అందులో తల్లి మందు వేయడం లేదన్న మాట అలాగే ఉంది. చివరి శాంపిల్ తీసే రోజు పొద్దున మళ్ళీ గుమ్మంలో నిలబడి, అది తీసేయమని అడిగాను. అప్పటి అభిప్రాయం అది, రాసింది మార్చరు, అంది ప్రొఫెసరు.

పిల్ల చెయ్యి చాపింది. తల పక్కకి తిప్పుకుంది. గొట్టం నింపి, దూది అద్ది, ప్లాస్టర్ వేశాను. తల్లి కాగితాల కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లేచి, పిల్లకి చెప్పులు తొడిగి, తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"మందు ఇయ్యలేదని రాశారంట గదా ఇందులో. మా ఆయన చదివి చెప్పాడు. అక్కడి డాక్టరు ముందర అదే చదువుతాడు. నీకు తెలుసు గదా అమ్మాయీ, ఆ ఒక్క ముక్క కొట్టేయించు."