గూట్లో పల్లికాయ

ఈ పొద్దున వంటింటి కిటికీ అంచున నేను పెట్టిన పల్లికాయను మా కోడలు ఒలిచి నోట్లో వేసుకుంది. "అయ్యో, అది తినేది కాదమ్మా, పని" అన్నాను. నమలడం ఆపి నా మొహంలోకి చూసింది. ఎనభై దగ్గరపడ్డ అత్త ఇట్లా మాట్లాడితే ఏ కోడలికైనా అనుమానం వస్తుంది. ఆ కాయ వెనక మా అత్తగారిల్లు మొత్తం ఉందని చెప్పందే ఎట్లా తెలుస్తుంది? కూర కలుపుతున్న ఆమెను అక్కడే నిలబెట్టి మొదలుపెట్టాను.

కట్టంగూర్ పక్క పల్లెకు నేను కోడలిగా వచ్చింది అరవైల్లో. వానకు పండే చెల్కలు, బర్రెలు, కోళ్ళు, ఇంటినిండా పని. ఇదంతా మా అత్తమ్మ కొంగుతో నడిపేది. పొద్దున్నే పనికో ముడి చొప్పున కొంగుకు వేసుకుని, పని తీరినకొద్దీ విప్పేది. దీపాలు పెట్టేవేళకు కొంగు సాఫుగా లేకపోతే ఆమెకు బువ్వ సహించేది కాదు. నన్నూ అట్లాగే చేయమంది. చేశాను. మధ్యాహ్నానికి కొంగు నిండా ముడులున్నాయి గానీ ఏది ఏ పనిదో ఒక్కటీ యాదికి లేదు. ఒకరోజు బర్రెకు రెండుసార్లు కుడితి పెట్టి, కోళ్ళను గంప కింద కమ్మడం మరిచిపోయాను. బర్రె సంతోషించింది. పిల్లి ఇంకా సంతోషించింది. అత్తమ్మ తల పట్టుకుంది.

కంటికి కనబడితే తప్ప నాకు పని గుర్తుండదు. వంటింటి గుమ్మం పక్కన గోడలో దీపం గూడు ఉండేది. పనికో వస్తువు తెచ్చి అందులో పెట్టసాగాను. కారం దంచాలంటే ఎండుమిరపకాయ, బర్రె పలుపు మార్చాలంటే తాడు ముక్క. పేడతో అలుకు చల్లే పనికి మాత్రం ఏమీ పెట్టలేదు, అంతమాత్రం తెలివి ఉంది. పని అయ్యాక వస్తువు దాని జాగాకు పోయేది. "గిది ఇల్లా, అంగడా?" అని అత్తమ్మ మూతి విరిచింది.

ఆ ఎండాకాలం చివర్లో, కొల్లాపూర్‌లో మా ఆడబిడ్డ కాలు విరిగిందని కబురొచ్చి అత్తమ్మ బయలుదేరింది. ఇల్లు మొదటిసారి నా చేతికొచ్చింది. బస్సెక్కుతూ ఒక్కటే చెప్పింది. "మొగులు మనకోసం ఆగదు. విత్తనం పల్లికాయ ముందుగాల ఒలిపియ్యి బిడ్డా. పదును పోతే ఏడాది పోయినట్టే." మా చెల్క నీళ్ళు దాచుకునే నేల కాదు. వాన తడి ఆరకముందే గింజ పడాలి, లేదంటే మళ్ళీ మొగులు వైపు చూస్తూ కూర్చోవాలి. ఈ పని తప్పితే పంటా పోతుంది, నా మీద ఆమె ఉంచిన నమ్మకమూ పోతుంది. మంచి కాయ ఒకటి ఏరి గూట్లో పెట్టాను.

మా మామది ఊరుకునే చెయ్యి కాదు. నడుస్తూ నడుస్తూ దొరికింది నోట్లో వేసుకునేవాడు. ఇక గూడు ఖాళీగా ఉంటే పని తీరినట్టే అన్నది నా లెక్క. పనులన్నీ ఒక్కసారి మీద పడ్డ ఆ రోజుల్లో గూడును నమ్మినంతగా నన్ను నేను నమ్మలేదు. గూడు ఖాళీగా కనబడింది, ఇక ఏ పనీ మిగల్లేదనుకున్నాను. వాన రానే వచ్చింది, దంచి కొట్టింది. తెల్లవారి మా ఆయన నాగలి సిద్ధం చేసుకుని "గింజలేవి?" అన్నాడు. బస్తాల్లో కాయలు కాయల్లాగే ఉన్నాయి. "గూట్ల పల్లికాయ పెట్టిన, ఎటుపోయిందో" అన్నాను, ఏడుపు గొంతుతో.

అరుగు మీద మామ గొంతు సవరించుకున్నాడు. "మస్తు తియ్యగుండె బిడ్డా అది" అన్నాడు.

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆయనే లేచి వాడంతా తిరిగి ఆడవాళ్ళను పిలుచుకొచ్చాడు. బస్తాలు తన చేత్తో వాకిట్లో కుమ్మరించి అందరికంటే ముందు కూర్చున్నాడు. ముచ్చట్లు, ఎగతాళి, తొక్కల చప్పుడు. ఒలిచినవి ఒలిచినట్టే గంపల్లో చెల్కకు పోయాయి. పదును ఆరకముందే ఆఖరి నాగటి సాలు పడింది. ఆ పొద్దంతా మామ ఒక్క గింజ కూడా నోట్లో వేసుకోలేదు, పాపం.

అత్తమ్మ తిరిగొచ్చేసరికి చెల్క పచ్చగా మొలిచింది. సంగతి విని నవ్వి నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుని తీర్పు చెప్పింది. "గూట్ల చెయ్యి పెట్టినోళ్ళే గా పని చెయ్యాలె." అప్పటినుంచి అది మా ఇంటి చట్టం. నా గూడు గురించి ఆమె మళ్ళీ మూతి విరవలేదు.

ఏళ్ళు గడిచాయి. చూపు తగ్గి మామ చెల్కకు పోవడం మానేశాక, ఒకరోజు గూట్లో నేను పెట్టని పల్లికాయ కనబడింది. తీసుకుపోయి "ఇదేం పని మామా?" అని అడిగాను. "పనేం లేదు బిడ్డా. జరసేపు కూసుండి ముచ్చట పెడ్తవేమోనని" అన్నాడు. కాయ తీసింది నేను. చట్టం చట్టమే. కూర్చున్నాను.

మా కోడలు చేతిలోని తొక్క వైపు చూసుకుంది. పొయ్యి ఆర్పి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. ఈ పొద్దున నేను కాయ పెట్టింది కూడా ముచ్చట కోసమే. గూడు పట్టనన్ని పనులను కాలం ఒక్కొక్కటే తీసి దాని జాగాలో పెట్టేసింది, ఈ పల్లికాయను మాత్రం నాకోసం ఉంచింది.