రెండో గొంతు

ఆసుపత్రిలో ఆమెను అందరూ లెక్కలమ్మ అనేవారు. చదువులో లెక్కలు బాగా వచ్చి కాదు. ఆమె బడి మొహం చూసింది నాలుగేళ్ళే. ఆపరేషన్ థియేటర్లకు సరిగ్గా కింద, కిటికీ లేని గదిలో, కత్తెరలూ క్లాంపులూ లెక్కపెట్టి, ట్రేలో సర్ది, మందపాటి గుడ్డలో చుట్టి, క్రిములు చచ్చేందుకు ఆవిరి పెట్టెలోకి పంపడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఆ గదిలో పొద్దునా సాయంత్రమూ ఒకటే తెల్లటి వెలుతురు. ఆకలి వేస్తేనే మధ్యాహ్నమైందని తెలిసేది.

గదికి ఒక గోడలో ఒక ట్రే పట్టేంత అద్దపు తలుపు. దాని అవతల కడిగే గది. అక్కడ కడిగినవి ఆ తలుపులోంచి ఇటు వస్తాయి. ఇవతలి మనిషి అటు పోకూడదు, అవతలి మనిషి ఇటు రాకూడదు. ఒకరి గొంతు ఒకరికి వినబడుతుంది, అంతే.

మొదట ఆమె ఆ ఆసుపత్రికి ఊడ్చే పనికి వచ్చింది. నెల తిరక్కుండానే ఈ గదిలో పనిచేసే పెద్దక్క ఆమెను గమనించింది. పెద్దక్క అంటే రక్తసంబంధం కాదు. ఆ గదిలో అందరికంటే ముందునుంచీ ఉన్న మనిషి, అందుకని డాక్టర్లు కూడా అలాగే పిలిచేవారు.

"చీపురు పట్టినా మూల వదలవు నువ్వు. ఇటు రా, నీకు వేరే పనుంది" అంది పెద్దక్క.

కళ్ళు మూసుకోమని చేతిలో ఒక్కో పరికరం పెట్టి, వేళ్ళతో గుర్తుపట్టమనేది. తప్పు చెబితే తిట్టేది కాదు. మళ్ళీ అదే చేతిలో పెట్టేది. ట్రేల మీది పేర్లు చూసి చూసి లెక్కలమ్మకు అక్షరాలు కూడా అలాగే పట్టుబడ్డాయి.

లెక్కపెట్టడానికి పెద్దక్కకు ఒక పద్ధతి ఉండేది. బల్లకు ఇటు ఒకరు, అటు ఒకరు. ఇటువైపు మనిషి వస్తువు ఎత్తి పట్టుకుని అంకె చెప్పాలి. అటువైపు మనిషి దాన్ని చూసి, మొన నుంచి పిడి దాకా వేలితో తడిమి, "సరి" అనాలి. ఆ మాట చెవిన పడేదాకా చెయ్యి రెండో దాని మీదికి పోకూడదు.

"ఉంది అంటే చాలదా అక్కా?" అని కొత్తలో అడిగింది లెక్కలమ్మ.

"ఉండటం వేరు, సరిగ్గా ఉండటం వేరే పిల్లా. మీ ఆయన ఇంట్లో ఉన్నాడంటే, సరిగ్గా ఉన్నట్టేనా?"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. లెక్కలమ్మ భర్త దర్జీ. పాపం, ఎప్పుడూ సరిగ్గానే ఉండేవాడు. కానీ ఆ మాట మాత్రం ఆమెకు మనసులో దిగిపోయింది.

పెద్దక్కకు ముందు పన్ను ఒకటి లేదు. అందుకని ఆమె "సరి" అన్నప్పుడల్లా ముందు సన్నగా ఈల వేసినట్టు ఉండేది. రోజుకు వందలసార్లు ఆ ఈల. ఇరవై రెండేళ్ళు.

ఒకనాడు డ్యూటీ ముగించుకుని, ఏప్రన్ మేకుకు తగిలించి ఇంటికి వెళ్ళిన పెద్దక్క మర్నాడు నిద్ర లేవలేదు. ఆ ఉద్యోగం అలాగే ఖాళీగా ఉండిపోయింది. ఏప్రన్ మేకుకే ఉండిపోయింది. బల్లకు అటువైపు ఆమె స్టూలు కూడా.

ఆ నెలలోనే పైవాళ్ళు ఒక మనిషిని తెచ్చారు. ఆపరేషన్లు రోజూ ఎందుకు ఆలస్యంగా మొదలవుతున్నాయో కనిపెట్టి బాగుచేయడం అతని పని. మెడలో స్టాప్‌వాచీ, చేతిలో నోటు పుస్తకం. ఎవరు ఎన్ని అడుగులు నడిచారో, ఏ తలుపు దగ్గర ఎంతసేపు ఆగారో రాసుకునేవాడు. స్టాప్‌వాచ్ సారు అని పేరు పడిపోయింది.

లెక్కలమ్మ అతన్ని మాటలు చూసి గౌరవించలేదు, పని చూసి గౌరవించింది. గుడ్డల బీరువాను ఆవిరి పెట్టె పక్కకు జరిపించింది అతనే. ఆమె మోకాళ్ళకు రోజుకు వంద నడకలు తగ్గాయి. ఇన్నేళ్ళు ఆ బీరువా అక్కడ ఎందుకుందో ఎవరికీ తెలియదు.

అయితే చేతిలో కత్తెర ఉన్నవాడికి అన్నీ గుడ్డలాగే కనిపిస్తాయి. అతను ఇంకో రెండు కూడా కత్తిరించాడు. ట్రే మీది చీటీని పేషెంటు కాగితాల్లో అంటించే పద్ధతి ఒకటి. ఇద్దరు మనుషుల లెక్క రెండోది.

"పైన సిస్టరమ్మ మూడుసార్లు లెక్కపెడుతోంది కదమ్మా. మళ్ళీ కింద ఇద్దరెందుకు? ట్రేకి ఆరు నిమిషాలు పోతోంది. నువ్వొక్కదానివే చూసి, ఈ కాగితం మీద టిక్కులు పెట్టు."

"పైన లెక్కపెట్టేది ఉందా లేదా అని సారూ. మేము చూసేది వేరు."

"ఏం వేరు?"

చేతికి తెలిసింది నోటికి రావడం ఆమెకు ఎప్పుడూ కష్టమే. కాగితం అందుకుంది.

అప్పటినుంచి ఒక్కతే లెక్కపెట్టేది. కానీ పైకే లెక్కపెట్టేది. అలవాటు. ఎదురుగా ఖాళీ స్టూలు, దాని వెనక మేకుకు ఏప్రన్. చెయ్యి మాత్రం పాత లయలోనే నడిచేది. ఎత్తడం, అంకె, చిన్న ఆగుడు, మళ్ళీ ఎత్తడం.

"ఒక్కదానివే ఆ గుహలో విసుగ్గా లేదూ?" అని ఒకరోజు భర్త గుండీ కుడుతూ అడిగాడు.

"ఎందుకో ఒక్కదాన్నే ఉన్నట్టు అనిపించదు" అంది. అన్నాక, ఆ మాట తనకే కొత్తగా అనిపించింది. కుక్కరు కూత వేయడంతో అది మరిచిపోయింది.

ఐదు నెలలు గడిచాయి.

ఆ రోజు పన్నెండు గంటల వేళ పైనుంచి మూడు ట్రేలు ఒకేసారి దిగాయి. మూడూ పొట్ట ఆపరేషన్లవి. కడిగే గదిలో తడిచేతుల బాబాయి, అంటే నాలుగు నెలల కింద చేరిన పెద్దమనిషి, అన్నీ కడిగి అద్దపు తలుపులోంచి ఒక్కో ట్రే ఇటు తోశాడు. రెండు ట్రేలు అయ్యాయి. మూడోది మొదలుపెట్టింది. అందులో రక్తం కారకుండా రక్తనాళాలను నొక్కిపట్టే చిన్న క్లాంపులు పన్నెండు.

ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు.

"ఏడు" అంది.

చెయ్యి కదల్లేదు.

ఎందుకు కదల్లేదో మొదట తెలియలేదు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. ఆవిరి పెట్టె అప్పుడే ఆగింది. అవతల నీళ్ళ చప్పుడు కూడా లేదు. గది అంతా చెవి ఒగ్గి ఉన్నట్టుంది. తను దేనికోసమో ఎదురుచూస్తోంది.

జవాబు రాలేదు.

అప్పుడు తెలిసింది. ఆరింటికీ వచ్చింది. ఒకటికి వచ్చింది, రెండుకు వచ్చింది, సన్నటి ఈలతో, బల్లకు అటునుంచి. నిన్నా వచ్చింది. ఐదు నెలలుగా రోజూ వస్తూనే ఉంది. గడియారం చప్పుడు ఆగినప్పుడే అది ఇన్నాళ్ళూ వినబడుతోందని తెలిసినట్టు, ఆగాక తెలిసింది.

తల ఎత్తి స్టూలు వైపు చూడలేదు. చూసే ధైర్యం లేదు.

"ఏడు" అంది మళ్ళీ.

ఈసారీ ఈల రాలేదు.

ఇక చూడవలసింది చేతిలో ఉన్నదాన్నే. మూసి ఉన్న క్లాంపు, తళతళా మెరుస్తోంది. కాగితం మీద టిక్కు పెట్టేయొచ్చు. ఆరోదాని పక్కన పెట్టి చూసింది. మొన దగ్గర నూకగింజంత పొట్టిగా ఉంది. బొటనవేలితో తడిమింది. గరుకు. నొక్కిపట్టే రెండు దవడల్లో ఒకదాని కొస విరిగిపోయింది.

భర్త పద్ధతి గుర్తొచ్చింది. మిషను సూది విరిగితే రెండు ముక్కలూ దొరికేదాకా ఆ బట్ట ఎవరి చేతికీ ఇవ్వడు. ఒకసారి ఒక పెళ్ళివాళ్ళను వాకిట్లో రెండు గంటలు నిలబెట్టి నేలంతా దేవాడు.

"బాబాయ్! తొట్టి కింది జల్లెడ తెరిచి చూడు. చిన్న ఇనుప ముక్క, బియ్యపు నూకంత."

"ఏమైందమ్మా?"

"ముందు చూడవయ్యా!"

బాబాయి జల్లెడ దులిపాడు, తొట్టి తుడిచాడు, చేతి తొడుగులు తిరగేసి చూశాడు. లేదు. కింద లేదంటే పైనే ఉంది. పైన, ఎవరి పొట్టలోనో.

థియేటర్ల నడవాలో ఒక ఎర్ర గీత ఉంటుంది. ఇరవై రెండేళ్ళలో లెక్కలమ్మ ఆ గీత దాటలేదు. ఆ రోజు కూడా దాటలేదు గానీ, గీత మీద నిలబడి అరిచింది. థియేటర్ సిస్టరమ్మ విసుక్కుంటూ వచ్చింది.

"పన్నెండు పంపావు, పన్నెండు దింపాను. నా లెక్క సరిపోయింది. సంతకం కూడా పెట్టాను."

"పన్నెండూ వచ్చాయి తల్లీ. అందులో ఒకటి ముప్పాతికే వచ్చింది." క్లాంపు చూపించింది.

సిస్టరమ్మ ముఖం తెల్లబడింది. అయినా గొంతు తగ్గించలేదు. "ఎప్పటినుంచి అలా ఉందో ఎవరికి తెలుసు? ఉత్తపుణ్యానికి ఒక మనిషిని మళ్ళీ కోయించి, లోపల ఏమీ లేకపోతే? నీది కాంట్రాక్టు ఉద్యోగం, గుర్తుందా?"

"నిన్న నా చేతిలో ఇది సరిగ్గా ఉంది."

"ఒక్కదానివేగా చూసింది? సాక్ష్యం ఎవరు?"

ఆ ప్రశ్నకు లెక్కలమ్మ దగ్గరున్న జవాబు పైకి చెప్పేది కాదు.

"ఉద్యోగం పోతే పోనీ. ఫోటో తీయించండి, కోయకుండానే తెలుస్తుంది. ఇంటికి పంపాక తెలిస్తే ఏం లాభం?"

"ముగ్గురున్నారు. ఎవరికి తీయించను? ఈ ట్రే ఎవరికి వాడామో నాకెలా తెలుస్తుంది? చీటీలు అంటించడం మానేశాంగా!"

నడవా చివర స్టూలు మీద స్టాప్‌వాచ్ సారు కూర్చుని ఉన్నాడు. ఆ చివరి మాట అతనికి సూదిలా గుచ్చుకుంది. లేచి వచ్చాడు. క్లాంపు చూశాడు. చీటీలు మానిపించింది తనేనని ఎవరూ అనలేదు. అనవలసిన అవసరమూ లేదు. నోటు పుస్తకం తిరగేశాడు. ఎవరు ఎన్ని నిమిషాలు వృథా చేశారో రాసుకున్న పేజీలు.

"ట్రే నంబరు ఎంతమ్మా?"

"నాలుగు."

"నాలుగు... నాలుగు... ఇదిగో. తొమ్మిదీ నలభై, రెండో గది. ట్రే కోసం మూడు నిమిషాలు ఆగారని రాశాను. రెండో గది, మొదటి కేసు."

ఆ గదిలోంచి బయటికొచ్చింది ఉత్తరాలు పంచే మనిషి. మత్తు దిగే గదిలో ఉన్నాడు. వార్డుకు తీసుకెళ్ళడానికి స్ట్రెచర్ అప్పుడే వచ్చింది. భార్య తలుపు బయట అతని చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెద్ద డాక్టరు క్లాంపు చూసి ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయలేదు. ఎక్స్‌రే మిషను మంచం దగ్గరికే తెప్పించాడు. తెర మీద, పేగుల నీడల మధ్య, తెల్లటి చుక్క ఒకటి కనబడింది.

నలభై నిమిషాల తర్వాత డాక్టరు గాజు గిన్నెలో ముక్క తెచ్చి లెక్కలమ్మ ముందు పెట్టాడు. ఆమె దాన్ని క్లాంపు కొసకు ఆనించింది. వెంట్రుక సందు లేకుండా అతికింది. లోపల ఉత్తరాల మనిషి మత్తులో ఏదో వీధి పేరు గొణుగుతున్నాడు.

మర్నాడు స్టాప్‌వాచ్ సారు స్టాప్‌వాచీ లేకుండా కిందికొచ్చాడు. మేకుకున్న ఏప్రన్ పక్కన నిలబడి, జరిగింది జరిగినట్టు రాసుకుంటానన్నాడు. "ఎలా పట్టుకున్నావమ్మా? కాగితం ప్రకారం అయితే టిక్కు పడిపోయేదే."

"ఏడు దగ్గర చెయ్యి ఆగింది సారూ."

"ఎందుకు ఆగింది?"

ఆమె ట్రే గుడ్డ మడత సరిచేసింది. అతను అద్దపు తలుపు వైపు తిరిగాడు. "బాబాయ్, ఈవిడ ఒక్కతే లెక్కపెడుతుంటే నీకు వినబడుతుందా?"

నీళ్ళ చప్పుడు ఆగింది. "ఒక్కతే ఎక్కడ సారూ? ఇద్దరు కదా! ఈమె అంకె చెబుతుంది, ఆ పెద్దామె సరి అంటుంది. ఈల వేసినట్టు అంటుంది ఆవిడ. ముఖం ఎప్పుడూ చూడలేదు గానీ, గొంతు రోజూ వింటూనే ఉన్నా. నిన్న ఏడు దగ్గర ఆవిడ పలకలేదు. నేనే అనుకున్నా, ఏంటబ్బా అని."

స్టాప్‌వాచ్ సారు కలం కాగితం మీదే ఉంది, కదలడం లేదు. ఏప్రన్ వైపు చూసి, ఒక అడుగు పక్కకు జరిగాడు. బాబాయి చేరింది పెద్దక్క పోయిన నెల రోజులకి అని అతనికి తెలుసు. జీతాల జాబితా అతని దగ్గరే ఉంది.



"ఆయనకేం చెప్పకండి సారూ" అంది లెక్కలమ్మ మెల్లగా. "తడి నేల మీద పనిచేసేవాడు. కాలు జారితే కష్టం."

అతను తలూపాడు. కొత్త పేజీ తిప్పి రాశాడు. ఇద్దరు మనుషులు. ఒకరు అంకె చెప్పాలి, ఒకరు తడిమి చూసి సరి అనాలి. జవాబు రాకపోతే ముందుకు పోకూడదు. ట్రే చీటీ పేషెంటు కాగితాల్లో అంటించాలి. ట్రేకి ఆరు నిమిషాలు. ఆరు కింద రెండు గీతలు గీశాడు.

"ఆ ఖాళీ నింపమని రాయనా అమ్మా? నీకు... అభ్యంతరం లేదు కదా?"

లెక్కలమ్మ నిన్నటినుంచి మొదటిసారి తల ఎత్తి బల్లకు అటువైపు సూటిగా చూసింది.

"రాయండి సారూ. పెద్దావిడ. ఎన్నాళ్ళని అలా నిలబడుతుంది?"

సోమవారం కొత్త మనిషి వచ్చింది. ఒక గుమాస్తా భార్య, చేతులు చురుకైనవి. ఏప్రన్ అప్పటికే ఉతికి, మడిచి, బీరువాలో పెట్టేసింది లెక్కలమ్మ. మొదటి ట్రే విప్పింది.

"ఒకటి."

కొత్త మనిషి మొన నుంచి పిడి దాకా తడిమింది. "సరి."

మామూలు గొంతు. ఒకే గొంతు. లెక్కలమ్మ ఇంకాస్త ఆగి చూసింది. ఇంకేమీ రాలేదు.

అద్దపు తలుపు జరిగింది. "అమ్మా, ఆ పెద్దామె ఇవాళ రాలేదా?"

"రిటైరయింది బాబాయ్" అంది లెక్కలమ్మ. తర్వాతిది ఎత్తింది. "రెండు."