మా తమ్ముడి మణికట్టుకు కట్టిన బద్ద

మొన్న మా ఆయన ఫోనులో గోల్ఫ్ ఆట చూస్తున్నారు. అందులో నేర్పేవాడెవరో కర్రను మెత్తగా పట్టుకోవాలి, వేళ్ళు బిగిస్తే మణికట్టు తిరగదు, మణికట్టు తిరగకపోతే బంతి లేవదు అని చెబుతుంటే, తల పంకించి, "నేనప్పుడే సెప్పాను కదే" అన్నారు. చేతిలో చింతపండు గిన్నె ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఏమనేదాన్నో! ఛీ, మనిషికి అంత సిగ్గులేకుండా ఎలా ఉంటుంది? నా ఈడు ఆడవాళ్ళకి చెబితే అర్థమవుతుంది, అందుకే చెబుతున్నాను.

తొంభైల చివర్లో మాట. మా ఆయన విశాఖపట్నంలో ఒక కంపెనీ గుమాస్తా. ఆఫీసరొకాయన ఆదివారాలు గోల్ఫ్ ఆడుతుంటే ఈయన వెంట పోయి సంచి మోసేవారే తప్ప, తాను ఆడింది ఏనాడూ లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి సాయంగా ఉండడానికి ఆ మైదానంలో చెయ్యి తిరిగిన మనిషి కావాలనీ, నెలజీతం ఇస్తారనీ ఆ ఆఫీసరుగారు అంటే, ఈయనకి మా తమ్ముడు గుర్తొచ్చాడు. అంతవరకు మంచి ఆలోచనే, కాదనను.

మా కన్నవారిది పలాస వైపు, అక్కుపల్లి దగ్గర ఊరు. తమ్ముడు ఐటీఐ మధ్యలో మానేసి, పనీపాటా లేక, అందరిచేతా మాటలు పడుతుండేవాడు. కానీ కర్రాబిళ్ళలో వాణ్ణి గెలిచినవాడు ఆ చుట్టుపక్కల లేడు. జీడిపిక్కను గాల్లోకి ఎగరేసి కొడితే కొబ్బరిచెట్ల తలల మీంచి పోయేది. కర్ర పట్టుకున్నట్టే ఉండేది కాదు, చివర్లో మణికట్టు ఒక్క తిప్పు తిప్పేవాడు, అంతే. ఎండాకాలం సెలవులకి మా ఆయన ఆఫీసరుగారి పాత గోల్ఫ్ కర్ర తీసుకొచ్చి చేతిలో పెడితే, వాడు మొదటి దెబ్బకే బంతిని తోట దాటించాడు. మేమంతా ఆనందంతో కేకలు పెట్టాం. ఆయన మొహం మాత్రం మాడిపోయింది, ఎందుకంటే అంతకుముందే తాను కొట్టబోతే కర్ర ఇసకలో దిగబడింది లెండి.

అలా కాదన్నారు. గునపం పట్టినట్టు బిగించి పట్టాలనీ, మణికట్టు కదలకూడదనీ అన్నారు. "గట్టిగా పడితే సెయ్యి తిరగదు బావా" అన్నాడు తమ్ముడు, పాపం మెల్లిగానే. వంటింట్లోంచి మా అమ్మ కేకేసింది: "నోర్ముయ్యిరా! అల్లుడుగోరు సెప్తంటే ఇనాల గానీ ఎదురు సెప్తావేటి?"

మావైపు అల్లుడంటే అంతే, పట్టపగలు చూసి చీకటన్నా మామగారు దీపం వెలిగించాల్సిందే. మర్నాడు మా ఆయన కొబ్బరిమట్ట చీల్పించి, మణికట్టు వంగకుండా తమ్ముడి చేతికి బద్ద కట్టమన్నారు. కట్టిందెవరనుకున్నారు? మా నాన్న! తన పంచె అంచు చింపి, సెలవులన్నాళ్ళూ పొద్దున్నే ఆయనే కట్టేవారు. బద్ద ఒరుసుకుని తోలు లేచిపోయి, అరచేతులు బొబ్బలెక్కి, వాడు అన్నం కలుపుకోలేక చెంచాతో తింటుంటే, పక్కనే అల్లుడుగారికి రొయ్యల కూర కొసరి కొసరి వడ్డించేవారు. ఛీ, అవేం మర్యాదలు! నేనొక మాట అనబోతే, ఆటల సంగతి నీకేం తెలుసే అని ఆయన కసిరారు.

ఆఫీసరుగారు చూస్తానన్న రోజు నేనూ మైదానానికి వెళ్ళాను. బద్ద విప్పేసినా వాడు బద్ద ఉన్నట్టే కొట్టాడు, బంతి కాస్త దూరం పాకి ఆగిపోయింది. ఆఫీసరుగారు మంచాయన. అంత బిగించకు బాబూ, వదులుగా పట్టుకుని మళ్ళీ కొట్టు అన్నారు. అప్పుడు వాడు మా ఆయన మొహం చూశాడు. ఆయన కళ్ళెర్రజేసి నిలబడి ఉన్నారు. వదులుగా పట్టి కొడితే బంతి లేస్తుంది, లేస్తే బావ చెప్పింది తప్పని పదిమందిలో తేలిపోతుంది. ఎలా కొట్టాలో వాడికి తెలుసు, నాకూ తెలుసు. తెలిసీ ఇంకా బిగించి పట్టాడు.

ఉద్యోగం వేరేవాడికి పోయింది. "మీవోడి సేతిలో పస లేదు మావా" అని మా ఆయన తేల్చేస్తే, మా నాన్న "అవును బాబూ" అన్నారు. తూ! బతికుండగా ఆ తండ్రిని ఒక్క మాట అనలేదు గానీ, ఆ 'అవును' తలుచుకుంటే ఇప్పటికీ నాకు రోతే. తమ్ముడు పలాసలో జీడిపప్పు లారీలకెత్తే పనిలో చేరి, నడుం పడిపోయేదాకా అదే చేశాడు.

ఇప్పుడు రోజులు మారాయి. నెలకిందట మా అల్లుడు వచ్చి, చేపల పులుసు ఎలా పెట్టాలో మాకే చెప్పబోతే, మా అమ్మాయి అందరిముందూ "నీకు తెలీదు, ఊరుకో" అంది. అతను పకపకా నవ్వి ఊరుకున్నాడు. ఆకాశమేం విరిగిపడలేదు. ఈ ఒక్క ముక్క ఆనాడు మా ఇంట్లో ఎవరైనా అనగలిగి ఉంటే అని, ఆ రోజు మా ఇంటికొచ్చి ఉన్న తమ్ముడి వైపు చూశాను. వాడు నవ్వడం లేదు. నా వెనకే వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి, "పిల్లకి సెప్పక్కా, అల్లుణ్ణి అలాగనకూడదు" అన్నాడు.

రోజులు మారడం అందరికీ ఒకేసారి జరగదు కాబోలు. ఆ పూట మొదటి కంచం మా తమ్ముడికే పెట్టాను. "ముందు బావ తిననీ" అని వాడు దాన్ని ముట్టలేదు.