ఆఖరి పడవ ఎక్కిన అన్న

ఫిలిప్పీన్స్ అనగానే అందరికీ తెల్లటి ఇసుక, నీలం నీళ్ళు గుర్తొస్తాయట. నాకు గుర్తొచ్చేది ఒక మనిషి వీపు. పసుపు రంగు రెయిన్‌కోటు వేసుకుని, పడవ మీద నిలబడి, నన్ను చూసి కూడా అటు తిరిగిన వీపు. ఇన్నేళ్ళయినా దాని మీద నా కోపం చల్లారలేదు. చల్లార్చుకోవాలని నేనూ పెద్దగా ప్రయత్నించలేదు.

అప్పుడు నేను ఆస్ట్రేలియాలో, అడిలైడ్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. మాసన్ లేక్స్ అనే పేటలో, యూనివర్సిటీకి నడిచి వెళ్ళేంత దగ్గర్లో, నేనూ మా కాకినాడ వైపు అమ్మాయే ఇంకొకతీ కలిసి చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. చలికాలమంతా ఒకే హీటరు ముందు కూర్చుని అసైన్‌మెంట్లు రాశాం, ఒకే కుక్కర్లో వండుకుని తిన్నాం. నేను వృద్ధాశ్రమం వంటింట్లో పార్ట్‌టైమ్ చేసేదాన్ని. అక్కడ నాతో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ వాళ్ళ దీవుల గురించి చెప్పేది. ఒక దీవి నుంచి ఇంకో దీవికి పెళ్ళికి వెళ్ళాలన్నా, పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నా పడవేనట. విని విని నాకు ఆశ పుట్టింది. జూలై సెలవుల్లో వెళ్దామా అంటే రూమ్‌మేట్ ఎగిరి గంతేసింది.

నాన్న మాత్రం ససేమిరా అన్నారు. "ఇద్దరూ ఆడపిల్లలు, తెలీని దేశం, సముద్రాలు దాటడం. మగతోడు లేకుండా ఎలాగమ్మా?"

అలా వచ్చాడు అన్న మా ప్రయాణంలోకి. రూమ్‌మేట్‌కి సొంత పెదనాన్న కొడుకు. చదువైపోయి ఉద్యోగంలో స్థిరపడ్డాడు. ఆదివారం మేం వెళ్ళే తెలుగు ప్రార్థన సహవాసానికి యూత్ లీడర్. గిటారు బాగానే వాయిస్తాడు, మైకు పట్టుకుంటే మాత్రం వదలడు. "నేనున్నాను కదంకుల్, మీ అమ్మాయి నాకు చెల్లెలు కాదా," అని ఫోన్లో మా నాన్నతో అన్నాడు. నాన్న కరిగిపోయారు.

మనీలా దాకా విమానం, అక్కణ్ణుంచి సెబూకి ఇంకో విమానం, సెబూ నుంచి బొహోల్ దీవికి ఓడ. ఎక్కిన ప్రతి దాంట్లోనూ కిటికీ సీటు అన్నదే. కదిలే ముందు మా ఇద్దరి చేతులూ పట్టుకుని గట్టిగా ప్రయాణ ప్రార్థన చేసేవాడు. విమానంలో సీటుబెల్టులు చూసుకుంటూ వస్తున్న పిల్ల పాపం ఆమెన్ దాకా ఆగి నిలబడింది. ప్రార్థనంటే నాకేం చేదు కాదు, నేనూ ప్రార్థనలున్న ఇంట్లో పుట్టినదాన్నే. కానీ అన్న దేవుడితో మాట్లాడుతున్నట్టు ఉండేది కాదు, దేవుడి తరఫున మాకు హాజరు వేస్తున్నట్టు ఉండేది.

బొహోల్‌లో జీప్నీలు ఎక్కి తిరిగాం. జీపును సాగదీసి రంగులు పూసినట్టుండే బండి అది. ఎదురెదురుగా రెండు బల్లలు, మోకాలికి మోకాలు తగిలేలా జనం, ఎవరో ఒకరి ఒళ్ళో కోడిపుంజు. దిగాలంటే పైకప్పు మీద వేళ్ళతో కొట్టాలి. మా ఊరి షేర్ ఆటోలో ఉన్నట్టే నాకు హాయిగా ఉంది. అన్న మాత్రం డ్రైవరు పక్క సీటు దొరికితేనే ఎక్కేవాడు. బోర్లించిన గిన్నెల్లా వరసగా ఉండే కొండలు చూడ్డానికి వెళ్ళినప్పుడు, ఆ సీటు కోసం మమ్మల్ని ఎండలో నిలబెట్టి రెండు బళ్ళు వదిలేశాడు.

ఒకరోజు దగ్గర్లోని ఇసుక దీవికి చిన్న పడవలో వెళ్ళాం. రెండు పక్కలా వెదుళ్ళు కట్టిన సన్నటి పడవ. ఒడ్డు దాటిందో లేదో అన్న ముఖం పాలిపోయింది. నా భుజం పట్టుకుని గోళ్ళు దిగేలా నొక్కాడు. దిగాక రూమ్‌మేట్‌కి వినపడకుండా, "నాకు నీళ్ళంటే భయమని ఎవరికీ చెప్పకు చెల్లెమ్మా," అన్నాడు. నేను చెప్పలేదు. చెప్పకపోవడం నా మర్యాద అనుకున్నాను. ఏం జరిగినా ఈ పిల్ల నోరు విప్పదులే అని అతను అనుకున్నాడని తర్వాత తెలిసింది.

ఆ మర్నాడు పొద్దున్నే దక్షిణపు ఒడ్డున ఉన్న చిన్న రేవుకు బస్సులో చేరాం. అక్కణ్ణుంచి కామిగిన్ దీవికి పెద్ద పడవ, ఆ దీవి నుంచి చిన్న విమానంలో సెబూకి, తర్వాత ఇంటికి. వాన మొదలైంది. తుఫాను వస్తోందని, ఇదే ఆఖరి పడవని, సముద్రం తగ్గేదాకా ఇంకేదీ వదలమని రేవులో చెప్పారు. బయల్దేరడానికి ఇంకా అరగంట టైముందన్నారు.

"చెల్లెమ్మా, వాంతులు రాకుండా మాత్ర దొరుకుద్దేమో చూడవా? కడుపులో తిప్పేస్తోంది," అన్నాడు అన్న.

రూమ్‌మేట్ అప్పటికే పడవ లోపలికెళ్ళి సీట్లు పట్టుకుని కూర్చుంది. నా బ్యాగు అతని చేతికిచ్చి, ఫోను మాత్రం పట్టుకుని వానలో గేటు బయటికి పరిగెత్తాను. పాస్‌పోర్టు బ్యాగులోనే ఉంది. మందుల షాపు వెతికి, మాత్రలు పట్టుకుని వెనక్కొచ్చేసరికి తాళ్ళు విప్పేస్తున్నారు. అలలు పెరుగుతున్నాయని ముందే బయల్దేరదీశారట. "అన్నా!" అని అరిచాను. అన్న పైనే నిలబడి ఉన్నాడు. పక్కనున్న పడవ మనిషి నన్ను వేలితో చూపించి అతన్ని ఏదో అడిగాడు. అన్న నా వైపు చూశాడు. స్పష్టంగా చూశాడు. చూసి, పడవ మనిషికి కాదన్నట్టు తల అడ్డంగా ఊపి, అటు తిరిగిపోయాడు.

పడవ వెనక్కి వస్తే మళ్ళీ బయల్దేరనివ్వరని భయపడ్డాడేమో, ఆ రేవులో తుఫానుకు చిక్కి ఉండాల్సి వస్తుందని భయపడ్డాడేమో. అతని తరఫున కారణాలు వెతికే పని నాది కాదు.

రేవు పక్కన అన్నం అమ్మే ఆవిడ నన్ను లోపలికి లాక్కుపోయింది. అక్కడ అక్కను 'ఆటే' అంటారు, అలా పిలవమంది. తన కూతురి బట్టలిచ్చింది. తుఫాను తగ్గేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాను. మొదట్లో నాకు ఏడుపు రాలేదు, కోపమొక్కటే ఉంది. మధ్యాహ్నం ఆటే ఎండుచేపలు వేయించింది. ఆ వాసనకు అమ్మ గుర్తొచ్చి బావురుమన్నాను. నన్ను ఏడిపించినందుకు కూడా అతని మీదే మండింది.

రూమ్‌మేట్ అవతలి దీవి నుంచి ఫోన్ చేసి వలవలా ఏడ్చింది. "నువ్వు ఎక్కేశావనీ, పైన గాలికి నిలబడ్డావనీ చెప్పాడే. దిగాక చూస్తే నువ్వు లేవు."

సముద్రం తగ్గాక మొదటి పడవెక్కి కామిగిన్‌లో దిగితే, రేవులో నా బ్యాగు ఒళ్ళో పెట్టుకుని రూమ్‌మేట్ ఒక్కతే కూర్చుని ఉంది. విమానాలు తిరగడం మొదలవ్వగానే, ఆఫీసులో సెలవు లేదని అన్న వెళ్ళిపోయాడట. తిరుగు ప్రయాణమంతా అది నా చెయ్యి వదల్లేదు. "అడిలైడ్ వెళ్ళాక అందరి ముందూ నేనే చెప్తాను, చూడు," అంది.

చెప్పలేదు. మేం వచ్చేలోపే అన్న సహవాసంలో నిలబడి సాక్ష్యం చెప్పేశాడు. మాట వినని ఒక చెల్లి రేవులో బజారు చూస్తానని వెళ్ళి తప్పిపోయిందట. తను ఉపవాసముండి ప్రార్థిస్తే దేవుడు ఆమెను క్షేమంగా చేర్చాడట. పాస్టరుగారి భార్య, మేం ఆంటీ అని పిలిచే ఆవిడ, ఆ రోజే మా అమ్మకు ఫోన్ చేశారు.

"ఊరుకాని ఊళ్ళో బజార్లెంట తిరిగేవంట?" అన్నారు నాన్న ఫోన్లో. "ఆ అబ్బాయి లేకపోతే ఏమైపోయేదానివి? ఇకనుంచి ఆంటీవాళ్ళింట్లో ఉండి చదువుకో. అది కుదరదంటే ఈ సెమిస్టర్ అవ్వగానే వచ్చెయ్."

"నన్ను వదిలేసి వెళ్ళింది అతనే నాన్నా."

"దేవుడి పనిచేసే పిల్లాడి మీద నిందలెయ్యకు."

రూమ్‌మేట్ వైపు చూశాను. అది తల వంచుకుంది. "మా పెదనాన్న దయవల్ల చదువుకుంటున్నానే. నన్ను ఇందులోకి లాగకు," అంది. ఆ రోజు నుంచి కుక్కరు ఒకటే, మాటలు మాత్రం లేవు.

ఇక నాకు మిగిలింది నా నోరొక్కటే. అదెక్కడ విప్పాలో నేను నిదానంగా ఆలోచించుకున్నాను.

మా సహవాసంలో ఒక పద్ధతుంది. దూరప్రయాణం చేసొచ్చినవాళ్ళు లేచి కృతజ్ఞతా సాక్ష్యం చెప్పాలి. చెప్పే మనిషి 'దేవునికి స్తోత్రం' అనగానే హాలంతా 'స్తోత్రం' అంటుంది. విన్నారా లేదా అన్నది వేరే సంగతి, పిల్లలకు బిస్కెట్లు పెడుతూ, ఫోన్లు చూసుకుంటూ కూడా ఆ మాట మాత్రం టైముకు అనేస్తారు. సాక్ష్యాన్ని మధ్యలో ఆపకూడదన్నది ఇంకో పద్ధతి. అది మాకు యూత్ మీటింగుల్లో నేర్పింది అన్నే. వంటింట్లో బంగాళదుంపలు చెక్కు తీస్తూ ఒక్కొక్క వాక్యం తయారుచేసుకున్నాను. చేసుకుంటుంటే ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను.

ఆదివారం మధ్యాహ్నం, మేం అద్దెకు తీసుకునే స్కూలు హాల్లో, అన్నే స్వయంగా నన్ను పిలిచాడు. తనకు థ్యాంక్స్ చెప్తానని నమ్మాడు. పెద్దల ముందు ఆడపిల్ల మైకులో ఇంకేం మాట్లాడుతుందిలే అనుకున్నాడు. "ప్రమాదంలోంచి దేవుడు తప్పించిన మన చెల్లెమ్మ ఇప్పుడు సాక్ష్యం చెప్తుంది," అని నవ్వుతూ మైకు నా చేతికిచ్చాడు.

"రెండు విమానాల్లో మమ్మల్ని క్షేమంగా దింపిన దేవునికి స్తోత్రం," అన్నాను.

"స్తోత్రం!" అంది హాలు.

"బస్సులో, జీప్నీలో, ఓడలో కాపాడిన దేవునికి స్తోత్రం."

"స్తోత్రం!"

"అన్నకు నీళ్ళంటే భయం కాబట్టి, మాత్రలు తెమ్మని వానలో నన్ను బయటికి పంపించినందుకు దేవునికి స్తోత్రం."

"స్తోత్రం!"

"నేనొచ్చేలోగా ఆఖరి పడవెక్కి, పడవ మనిషి నన్ను చూపించి అడిగితే కాదని తల ఊపిన అన్నను బట్టి దేవునికి స్తోత్రం."

సగంమంది అనేశారు. మిగతా సగం నోట్లో ఆ మాట అక్కడే ఆగిపోయింది. వెనక వరసలో చెవులు సరిగా వినపడని ఒక తాతగారు మాత్రం ఎప్పటికన్నా గట్టిగా "స్తోత్రం!" అన్నారు. అన్న మైకు కోసం చెయ్యి చాచాడు. నేను రెండడుగులు పక్కకు జరిగాను.

"నా పాస్‌పోర్టును సముద్రం దాటించి, నన్ను మాత్రం ఒడ్డున వదిలినందుకు స్తోత్రం. నేను చేరానో లేదో చూడకుండా, సొంత చెల్లెల్ని కూడా దీవిలో వదిలేసి విమానం ఎక్కినందుకు స్తోత్రం. ఎవరో తెలీని నన్ను ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టిన ఆ తల్లిని బట్టి మాత్రం, నిజంగా, దేవునికి స్తోత్రం."

 కొందరు ఆడవాళ్ళ నోట మెల్లగా "స్తోత్రం" అని వినిపించింది. మైకు టేబుల్ మీద పెట్టేసి వచ్చి కూర్చున్నాను.

అది రొట్టె, ద్రాక్షరసంతో ప్రభు భోజనం ఇచ్చే ఆదివారం. పాస్టరుగారు లేచి, ఎవరి మీదైనా మనసులో ఏదైనా ఉంటే ముందు సమాధానపడి అప్పుడే పాత్ర తీసుకోమన్నారు. పేర్లు చెప్పకపోయినా అందరూ మా వరసనే చూశారు. అన్న నా దగ్గరికి వచ్చాడు. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి.

"క్షమించు చెల్లెమ్మా. ఆ టైములో నాకేం తోచలేదు."

"చెయ్యివ్వమ్మా," అన్నారు ఆంటీ వెనకనుంచి.

"పడవలో నీకు తోచలేదు, సరే," అన్నాను. "ఇక్కడ మైకు ముందు అన్నీ బాగానే తోచాయి కదా అన్నా."

చెయ్యివ్వలేదు. అతను వెళ్ళి మా వరస చివర, రూమ్‌మేట్ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆంటీ తర్వాత మా నాన్నతో ఏం మాట్లాడారో నాకు తెలీదు. ఇల్లు మారమనే మాట మాత్రం నాన్న నోట మళ్ళీ రాలేదు. 'నిన్ను నమ్మాల్సింది' అన్న మాట కూడా రాలేదు, దానికోసం నేను చాలాకాలం చూశాను.

ద్రాక్షరసం చిన్న చిన్న కప్పుల్లో పోసిన పళ్ళెం నా దగ్గరికొచ్చింది. మనసులో పగ పెట్టుకుని అది తాగకూడదు. నాకు పగ ఉంది, అప్పుడే వదులుకునే ఉద్దేశమూ లేదు. కప్పు ముట్టుకోకుండా పళ్ళెం పక్కనున్న రూమ్‌మేట్‌కి ఇచ్చాను. అది పళ్ళెం రెండు చేతులతో పట్టుకుంది.  తనూ కప్పు తీసుకోలేదు. తన పక్కనే ఉన్న అన్నకు పళ్ళెం అందిస్తూ, హాలంతా వినేలా అంది:

"ఇది పడవెక్కిందని నాతో అబద్ధం చెప్పావు కదన్నా."

అన్న తర్వాత వరసలో ఎవరూ లేరు. పళ్ళెం అతని ఒళ్ళోనే ఉండిపోయింది. తాగలేడు, పక్కవాళ్ళకు ఇచ్చేయనూ లేడు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకోవాల్సిన సమయం అది. ఎవరూ మూసుకోలేదు. నేనైతే రెప్ప కూడా వెయ్యలేదు.