పది గంటల సభ

పక్షవాతం వచ్చినవాళ్లకు నడక, చేతిపని తిరిగి నేర్పే ఫిజియోథెరపిస్టుల జిల్లా సంఘానికి సెల్వరాణి అధ్యక్షురాలు. కోవిల్‌పట్టిలో బస్సెక్కి, సీటున్నా కూర్చోకుండా, ఎవరు కాలు ఈడుస్తున్నారో చూస్తూ సభ జరిగే విరుదునగర్ దాకా నిలబడే వస్తుంది. రోగి చెయ్యి వదలకుండానే టైము చూసుకోవడానికి గడియారాన్ని మణికట్టు లోపలివైపు కట్టుకుంటుంది. ఆమె సభ పదికంటే పదికే; ముఖ్య అతిథి కోసం కూడా ఆగదు.

పక్షవాతం వచ్చి ఏడాది దాటితే ఇక లాభం లేదని వైద్యం ఆపేయకూడదన్నది ఆమె పట్టు. ఈసారి సభ ముందున్న తీర్మానమూ అదే. దీపం వెలిగించడానికి ఆమె పెద్ద డాక్టరును కాక కాళియమ్మాళ్‌ను పిలిచింది. ముప్పై ఏళ్లు అగ్గిపెట్టెలు నింపిన ఆ మనిషికి రెండేళ్ల కిందట ఎడమ చెయ్యి పడిపోయింది. సరిగ్గా పదికి ఆ చేతిలోనే అగ్గిపెట్టె పెట్టింది సెల్వరాణి. పెట్టె జారింది. మళ్లీ జారింది. వేదిక మీదున్న పెద్ద డాక్టరు సాయానికి లేవబోతే, కూర్చోమని సెల్వరాణి చేత్తోనే సైగ చేసింది.

"ఈ చెయ్యి మాట ఇనేదిలేదు పాపా," అంది కాళియమ్మాళ్.

హాల్లో అందరితో తమిళం మాట్లాడే సెల్వరాణి ఇంటి తెలుగులోకి దిగింది. "ఇంటాది. మెల్లంగ పట్టుకో అక్కా. వీళ్లంతా ఆగతారు."

పుల్ల భగ్గుమని ఒత్తి అంటుకునేసరికి పది గంటల పదకొండు నిమిషాలయింది. కార్యదర్శి సెందిల్‌కుమార్ మినిట్స్ పుస్తకం తెరిచి, సభ ఎన్నింటికి మొదలైందని రాయాలో తెలియక ఆమె వంక చూశాడు.

"పదికే," అంది సెల్వరాణి. "అక్క పెట్టె పట్టుకున్నది పదికే కదా."