పేము తీగ పట్టిన పట్టు

ఆ రోజుల్లో, అంటే ఖతార్‌లో దిగిన కొత్తలో, నాకొచ్చిన అరబ్బీ అంతా రెండు మాటలు. పదమనడానికి ‘యల్లా’, లేదు, వద్దు అనడానికి ‘మాఫీ’. వాటితోనే బతికేయొచ్చని నాకు గొప్ప ధీమా. పని అక్కడి లుసైల్ నగరంలో, ఒక పెద్దాయన బంగళాను ఆనుకుని ఉన్న అద్దాల తోటలో. (గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే అనుకునే అమ్మ ఫోన్ చేసి "దుబాయ్‌ల ఏం పనిరా?" అంటే "చెట్లకు నీళ్ళు పోస్తున్ననే" అనేవాణ్ణి. "గా పనికి గంత దూరం పోవాల్నా?" అనేది.) బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే, లోపల వానాకాలపు అడవిలా చల్లటి తేమ. మా క్యాంపులో ఏసీ చెడితే అడిగే దిక్కులేదు. ఇక్కడ చెడితే మెకానిక్ పరుగెత్తుకొచ్చేవాడు.

ఆ వైభోగమంతా ముఖ్యంగా పేము కోసం. ఈత, తాటి జాతిదే అయినా దానికి సొంతంగా నిలబడే ఓపిక లేదు. పక్క చెట్టును పట్టుకుని ఎగబాకుతుంది. అందుకోసం కొరడాల్లాంటి తీగలు, వాటి నిండా వెనక్కి వంగిన కొక్కేల ముళ్ళు. కుర్చీలు, ఊయలలు అల్లేది దీని కాడతోనే. (మా లెక్కల సారు బెత్తం కూడా దీనిదేనని తెలిశాక కొన్నాళ్ళు కోపంగా నీళ్ళు పోశాను.) "ఒక్క ఆకు తెగినా నీకు ఇంటికి టికెట్ తెగుతది" అని మొదటి రోజే హెచ్చరించాడు మా సూపర్‌వైజరు. ఆయనది జగిత్యాల. మేమంతా భాయ్‌జాన్ అనేవాళ్ళం.

ఒక ఉదయం యజమాని తల్లి తోట చూడ్డానికి వచ్చింది. పేము కింద ఆగి, తలెత్తి చూసి, అడుగు ముందుకేసింది. అంతే, ఒక కొరడా ఆమె ఒంటినిండా తొడుక్కున్న నల్లటి అబాయా చేతిని పట్టుకుంది. ఆమె లాగింది. మరిన్ని ముళ్ళు దిగాయి. ఇంకా గట్టిగా లాగేసరికి పైనుంచి ఇంకో కొరడా ఊగుతూ జారి ఆమె ముఖానికి జానెడు దూరంలో ఆగింది.

వెనక్కి అడుగేస్తే ఆ ముళ్ళు వదులుతాయి. కాని ఆమెను ముట్టుకోలేను, తీగ కోయలేను, చెబుదామంటే భాష లేదు. ఉన్న మాటే వాడాను. "యల్లా! యల్లా!" అంటూ చేత్తో వెనక్కి సైగ చేశాను. ఆమె సైగ చూడలేదు, మాట విని ముందుకు నడిచింది. చర్రున బట్ట చిరిగింది.

"అరే పాగల్, పొమ్మంటున్నవేందిరా!" ఆమె వెనకాలే వచ్చిన భాయ్‌జాన్ అరిచాడు.

"మాఫీ యల్లా! మాఫీ యల్లా!" అని అరిచాను. (అలాంటి అరబ్బీ ప్రపంచంలో ఎవరూ మాట్లాడి ఉండరు.) ఇదేం భాషో అన్నట్టు ఆమె నా వైపు తిరగబోయింది. రెండో కొరడా చెంపను తాకబోయింది. ఇక నాకు టికెట్టూ గుర్తులేదు, భాయ్‌జానూ గుర్తులేడు. నడుముకున్న కత్తెర లాగి రెండు తీగల్నీ కసక్కున కోసేశాను.

భాయ్‌జాన్ కళ్ళు మూసుకున్నాడు. తెగిన ముక్క చేతికి వేలాడుతుండగా పెద్దావిడ బెంచీ మీద కూలబడి, నన్ను ఎగాదిగా చూసి, శుభ్రమైన హిందీలో అంది: "బేటా, పీఛే ఆవో బోల్నా థా నా?"

వెనక్కి రమ్మని చెప్పొచ్చుగా అని! ఇంట్లో వంటమనిషి, డ్రైవరు మన దేశం వాళ్ళేనట. నాకూ హిందీ వచ్చు. ఆమెకు వస్తుందేమోనన్న ఆలోచనే తట్టలేదు. చేయి చాచి ముళ్ళు తీయమంటే, ఒక్కో కొక్కెం తప్పించాను. వెళ్తూ భాయ్‌జాన్‌తో, "ఇస్‌కో కుఛ్ నహీ బోల్నా" అని, నన్నేమీ అనొద్దని ఆజ్ఞాపించింది. పాపం, ఆయన తిట్టడానికి తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు.

ఇప్పుడు నేనే సూపర్‌వైజర్ని. నాలుగు భాషలు మాట్లాడతాను. అలాంటిది మళ్ళీ జరిగితే మాత్రం ముందు ఆఫీసుకు ఫోన్ చేసి, తీగ కోయొచ్చా అని అడుగుతానేమో. వాళ్ళు పైవాళ్ళను కనుక్కుని చెప్పేదాకా ఆ పెద్దావిడ అలాగే నిలబడి ఉండాలి.